అడవికి యూరియా ఎవరు చల్లుతున్నరు?

నేల, నీరు, గాలి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లల్ల సగానికి సగం యూరియా మీదనే. 2025 వానకాలంల పీఏసీఎస్‌ల (ఎరువులమ్మే సహకార సంఘాల) ముందు చెప్పులు, పాస్‌బుక్కులు లైన్ల పెట్టి నిలబడ్డ కోపం ఇంకా ఎవరికీ చల్లారలేదు, అది న్యాయమే. మిగతావి చేపల గురించి, బతుకమ్మ గురించి, బొగ్గు గురించి. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగిన కాడ ఒకరిదే వేసినం, మిగతావాళ్లు ఏమనుకోవద్దు.

మాది అడవి పక్క ఊరు. ఆ టేకు చెట్లకు, మద్ది చెట్లకు ఎవరూ ఒక్క గింజ యూరియా వెయ్యరు, అయినా పచ్చగనే ఉంటయి. నా పత్తికి మాత్రం ఏటా బస్తాలకు బస్తాలు పొయ్యాలె. ఎరువులే అవసరం లేదని యూట్యూబ్‌ల చెప్పేటోళ్లు కరెక్టేనా సార్?
— ఒక రైతు, ములుగు జిల్లా

సగం కరెక్టు అన్నా. అడవిని చూసి నేర్చుకునేది చాలనే ఉంది గని, అడవికీ మీ చేనుకూ ఒక తేడా ఉంది, అడవిలకెల్లి మార్కెట్‌కు లోడు పోదు. టేకు ఆకునే చూడండి, రాలే ముందే చెట్టు ఆ ఆకుల ఉన్న నైట్రోజన్, భాస్వరంల సగం దాకా వెనక్కి గుంజుకొని కొమ్మల్ల దాచుకుంటది, మిగిలిన ఆకు కింద పడ్డంక చెదలు కొరుకుతయి, ఎర్రలు మింగుతయి, బూజు పడుతది, బ్యాక్టీరియా దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేస్తది, వానకాలం వచ్చేసరికి అదే పోషకం మళ్ల అదే చెట్టు వేరుకు అందుతది. పోయేది కొంచెమే, వాగుల కొట్టుకపోయిన మట్టంత. వచ్చేది కూడా కొంచెమే, గాలిలకెల్లి బ్యాక్టీరియా పట్టింది, వానతోని దిగింది. కొంచానికి కొంచెం సరిపోతది, అందుకే వందల ఏండ్లు నడుస్తది.

ఇగ మీ పత్తికి రాండి. ఇక్కడ ఒక తమాషా ఉంది, మీరు అమ్మే దూది మొత్తం దాదాపు సెల్యులోజే, అంటే గాలిలకెల్లి తీసుకున్న కార్బన్, నీళ్లు, అంతే. దూది ఎంత అమ్మినా నేలకు పెద్దగా నష్టం లేదు. నష్టమంతా గింజల ఉంది. పది క్వింటాళ్ల పత్తి జిన్నింగ్ మిల్లుకు పోతే అందుల ఆరు క్వింటాళ్లకు పైన గింజే, ఆ గింజల్ల ఇంచుమించు 20 కిలోల నైట్రోజన్ ఉంటది, అంటే ఒక యూరియా బస్తాల ఉన్నంత. ఆ గింజ నూనె మిల్లుకు పోయి పత్తి చెక్క అయి ఎక్కడో ఎవరి బర్రెకో దాణా అయితది, ఆ బర్రె పేడ మీ చేనుకు రాదు. పాతకాలంల ఇంట్ల పశువులు ఉండె, పెంటకుప్ప ఉండె, ఎండాకాలం బండ్లతోని పెంట తోలేది, రాత్రిపూట చేన్లల్ల గొర్ల మంద పెట్టించేది, అట్ల పోయినదాంట్ల కొంత తిరిగి వచ్చేది. ఇప్పుడు పత్తి కట్టెను కూడా చేన్లనే అంటువెడుతున్నం. మరి ఎరువు ఆపేసి అడవిలెక్క పండాలంటే ఎట్ల పండుతది? ఎరువు తగ్గియ్యొచ్చు, చాలా తగ్గియ్యొచ్చు, కాకపోతే పోయినదాన్ని ఏదో రూపంల మళ్ల పెట్టాల్సిందే, అది పెంటనా, జీలుగనా, సంచిల వచ్చిందా అనేది మీ ఇష్టం, మీ ఖర్చు.

ఇంకో మాట, అడవి కూడా నిక్షేపంగ ఏం లేదు. ఇప్పపువ్వు ఏరుకోవడానికని, తునికాకు కొత్త చిగురు వేస్తదని కింది ఆకులకు నిప్పు పెడుతరు కదా, ఆ మంటల నైట్రోజన్ పొగై పోతది. ఏటా కాలే చోట నేల ఎట్లుందో, కాలని చోట ఎట్లుందో ఒకసారి కాలితోని ఆకులు జరిపి చూడండి, మీకే తెలుస్తది.

ఉరుములు మెరుపులతోని వచ్చిన వానకు పైరు ఒక్క రాత్రిల పచ్చబడుతది అంటడు మా తాత. బోరు నీళ్లు ఎంత పెట్టినా ఆ పచ్చదనం రాదు. నిజమేనా, మూఢనమ్మకమా?
— ఇంటర్ విద్యార్థి, హుస్నాబాద్

మీ తాత చూసింది నిజమే తమ్ముడూ, కారణం మాత్రం మెరుపొక్కటే కాదు.

గాలిల 78 శాతం నైట్రోజనే. ఒక ఎకరం నేల మీద ఆకాశం దాకా ఉన్న గాలిని తూకం వేస్తే అందుల 30 వేల టన్నులకు పైన నైట్రోజన్ తేలుతది, అంత సంపద నెత్తి మీద పెట్టుకొని మనం ఒక బస్తా కోసం లైన్ల నిలబడుతున్నం. ఎందుకంటే గాలిల నైట్రోజన్ పరమాణువులు రెండురెండుగ జతకట్టి ఉంటయి, ఆ జత మధ్యల బంధాలు మూడు, మూడు ముళ్లు పడ్డంక విడదీసుడు ఎంత కష్టమో ఇదీ అంతే. పైరుకు ఆ ముళ్లు విప్పే శక్తి లేదు. మెరుపుకు ఉంది, ఆ వేడికి నైట్రోజన్ విడిపోయి ఆక్సిజన్‌తోని కలిసి, నీళ్లల్ల కరిగి నైట్రేట్ అయి వానతోని దిగుతది. కాకపోతే ప్రపంచం మొత్తం మీద మెరుపులు ఏడాదికి చేసేది 50 లక్షల టన్నుల చుట్టూనే, ఎరువుల ఫ్యాక్టరీలు చేసేది 10 కోట్ల టన్నులు దాటింది. మీ ఎకరం వాటాకు మెరుపుతోని వచ్చేది పిడికెడు కూడా కష్టమే.

మరి ఆ పచ్చదనం ఎక్కడిది? ఎక్కువ భాగం కాళ్ల కిందిదే. ఎండకు ఎండిన మట్టిల బ్యాక్టీరియా సగం చచ్చి, సగం నిద్రల ఉంటయి, ఒక్కసారి తడి తగలంగనే బతికినవి లేచి చచ్చినవాటిని, పాత ఆకు అలమును గబగబ తింటయి, ఆ తిండిల మిగిలిన నైట్రోజన్ నేలలకు వదులుతయి, పైరు దాన్ని అందుకుంటది. దానికి తోడు వాన ఆకు మీది దుమ్ము కడుగుతది, మబ్బుకు ఎండ దెబ్బ తగ్గుతది. మొదటి వానకు వచ్చే ఆ మట్టివాసన కూడా నేలల ఉండే ఒకరకం బ్యాక్టీరియా పుణ్యమే. ఇగ బోరు నీళ్లంటవా, చాలా చోట్ల వాటిల ఉప్పు, సున్నం ఎక్కువ, వాననీళ్లకు అవి ఎట్ల సాటి వస్తయి.

ఆ మూడు ముళ్లను మనిషి విప్పింది 1909ల, జర్మనీల ఫ్రిట్జ్ హేబర్ అనే ఆయన గాలి నైట్రోజన్‌ను హైడ్రోజన్‌తోని కలిపి అమ్మోనియా చేసి చూపెట్టిండు, కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చిండు, 1913ల ఓపావ్ అనే ఊర్ల మొదటి ప్లాంటు నడిచింది. మన రామగుండంల జరిగేది కూడా అదే పని. పాత ఫ్యాక్టరీ బొగ్గుతోని నడిచి 1999ల మూతపడ్డది, 2021ల మళ్ల తెరిచింది సహజవాయువుతోని నడుస్తది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని కెపాసిటీ. విపరీతమైన వత్తిడి, వందల డిగ్రీల వేడి పెడితే గని కాని పనిని కంది వేరు మీద ఉన్న బ్యాక్టీరియా మామూలు ఎండల, మామూలు మట్టిల చేస్తది, అది మాత్రం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే.

ఎకరం వరికి మూడు బస్తాల యూరియా ఏస్తున్న. పక్క పొలమాయన రెండే ఏసి నాకంటె ఎక్కువ పండిస్తుండు. నా మూడో బస్తా ఎటు పోతున్నట్టు?
— ఒక మహిళా రైతు, పరకాల

అక్కా, మూడో బస్తానే కాదు, మొదటి రెండిట్ల కూడా సగమే పైరుకు పోతుండొచ్చు. 45 కిలోల బస్తాల నైట్రోజన్ 46 శాతం, అంటే 20 కిలోల 700 గ్రాములు. యూరియా నేల మీద పడంగనే నేలల ఉన్న యూరియేజ్ అనే ఎంజైము దాన్ని అమ్మోనియా చేస్తది, ఒకటి రెండు రోజులల్లనే. అప్పుడు మడిల నీళ్లు నిండుగ ఉండి, ఎండ కొడుతుంటే ఆ అమ్మోనియా నీళ్లల్లకెల్లి గాలిల కలిసిపోతది. పెంటకుప్ప తవ్వినప్పుడు ముక్కు అదిరే వాసన వస్తది కదా, అదే.

గాలికి పోకుండ మిగిలింది నైట్రేట్‌గ మారుతది. నైట్రేట్ మట్టిని పట్టుకోని ఉండదు, నీళ్లు ఎటు పోతే అటు పోతది, దుబ్బ నేలయితే బోరు దాకా పోతది. ఇంకా కొంత, వరి మడి అడుగున గాలి ఆడని బురదల, అక్కడి బ్యాక్టీరియా ఆక్సిజన్ దొరకక నైట్రేట్‌ల ఉన్న ఆక్సిజన్‌నే వాడుకొని నైట్రోజన్‌ను మళ్ల గాలిలకు ఇడుస్తయి. అంటే రామగుండంల అంత గ్యాసు కాల్చి గాలిలకెల్లి పట్టి తెచ్చినదాన్ని మన మడిల పురుగులు రూపాయి ఖర్చు లేకుండ తిరిగి గాలికే కలుపుతున్నయి. పోతూ పోతూ కొంత నైట్రస్ ఆక్సైడ్‌గ పోతది, అది కిలోకు కిలో లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటె ఇంచుమించు 270 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతది.

పక్కాయన చేసేది నేను చూడలేదు గని ఊహించగలను, ఆయన ఒక్కసారే గుమ్మరియ్యకుండ మూడు దఫాలు చేస్తుండొచ్చు, దుబ్బు కట్టే ముందు, పొట్ట పోసుకునే ముందు అట్ల. యూరియా చల్లే ముందు మడిల నీళ్లు తీసేసి పలుచటి బురద మీద చల్లి, ఒకటి రెండు రోజులు ఆగి నీళ్లు పెడితే చాలా మిగులుతది. ఆకు మీద మంచు ఉన్నప్పుడు పొద్దుగాల్నే చల్లొద్దు, గింజలు ఆకుకు అతుక్కొని మాడుతది, నేలకు చేరది. 2015 నుంచి మన దేశంల తయారయ్యే యూరియా అంతా వేపనూనె పూసిందే వస్తుంది, అది నైట్రేట్‌గ మారుడును కొంచెం నిదానం చేస్తది, అంతేగని మీరు నిండు నీళ్లల్ల పోస్తే వేపనూనె ఏం కాపాడది.

మూడో బస్తాతోని వచ్చే ఇంకో నష్టం మీకు తెలిసే ఉంటది, ఆకు నల్లగ నిగనిగలాడుతది, పైరు మెత్తబడుతది, దోమపోటు, అగ్గితెగులు అక్కడికే వస్తయి, మళ్ల మందులకు పైసలు.

హార్వెస్టర్ కోసినంక గడ్డి కాలవెట్టొద్దని అన్నరని కొయ్యకాలు మొత్తం దున్నిన. నాటు పెట్టినంక పొలం మొత్తం పసుపు పచ్చగ అయింది. కాలబెట్టిన పక్క మడి మంచిగుంది. ఇదేం న్యాయం?
— హుజురాబాద్ నుంచి

న్యాయమే, టైమే తప్పింది. గడ్డిల కార్బన్ చాలా ఎక్కువ, నైట్రోజన్ చాలా తక్కువ, ఇంచుమించు 70 పాళ్లకు ఒక పాలు. దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియాకు 24 పాళ్లకు ఒకటి కావాలె. మరి తక్కువ పడ్డది ఎక్కడికెల్లి తెచ్చుకుంటయి? మీరు వేసిన యూరియాలకెల్లి, నేలల ఉన్నదాంట్లకెల్లి. పైరుకంటె అవి ముందు తింటయి, పైరు పసుపు పడుతది. కొన్ని వారాలకు గడ్డి చివికి, ఆ బ్యాక్టీరియా చచ్చినంక అదే నైట్రోజన్ బయటికి వస్తది, అప్పటికి మీ నాటు పిలకలు వేసే టైము దాటిపోతది. నీళ్లల్ల మురిగితే ఇంకో బాధ, మడిల కాలు పెట్టంగనే బుడబుడ బుడగలు వస్తయి చూడండి, అది మీథేన్, ఒక్కోసారి కుళ్లిన గుడ్డు వాసన కూడ వస్తది, వేర్లకు అది మంచిది కాదు.

యాసంగి కోసినంక వానకాలం నాటుదాకా టైముంటది కాబట్టి అప్పుడు దున్నుడు సులువు, ఒక తడి ఇచ్చి, కొంచెం యూరియా ముందే చల్లి, కనీసం మూడు వారాలు మురగనియ్యాలె. వానకాలం కోతకు యాసంగి నాటుకు మధ్యన మాత్రం నిజంగనే టైము సరిపోదు, అందుకే జనం అగ్గిపుల్ల గీస్తున్నరు, వాళ్లను తిట్టి లాభం లేదు. ఆ సీజన్‌ల గడ్డిని బేలర్‌తోని చుట్టించి పశువులున్నోళ్లకు ఇచ్చుడో, గట్టు మీద కుప్ప వేసుడో నయం.

కాలబెడితే పోయేది ఎంతంటే, టన్ను గడ్డిల నైట్రోజన్ 5, 6 కిలోలు ఉంటది, అది దాదాపు అంతా పోతది, గంధకం కొంత పోతది, కార్బన్ 400 కిలోలు మొత్తం పొగనే. పొటాష్ 25 కిలోల చుట్టూ ఉంటది, అది చాలావరకు బూడిదల మిగులుతది, అందుకే పక్క మడి మీకు వెంటనే మంచిగ కనవడుతుంది. నాలుగైదేండ్లు అట్లనే కాలబెడితే ఆ నేల ఎట్ల గట్టిపడుతదో నాగలి కర్రుకు తెలుస్తది.

పొద్దున లేచి చూసేసరికి మా ఊరి చెరువుల చేపలన్ని తేలినయి. ఎవరో మందు కలిపిన్రని ఊర్ల లొల్లి. కొర్రమట్టలు మాత్రం బతికే ఉన్నయి. మందు కలిపితే అవి ఎట్ల బతుకుతయి?
— మత్స్య సహకార సంఘం సభ్యుడు, హనుమకొండ జిల్లా

మీ ప్రశ్నలనే జవాబు ఉందన్నా. కొర్రమట్ట నీటిపైకి వచ్చి నేరుగ గాలి పీల్చుకుంటది, బొచ్చె, రవ్వ అట్ల పీల్చలేవు, నీళ్లల్ల కరిగిన ఆక్సిజనే వాటికి దిక్కు. విషం కలిపితే రెండూ పోయేటియి. తెల్లారుజామున బొచ్చెలు పోయి కొర్రమట్టలు మిగిలినయంటే ఎక్కువ అనుమానం ఆక్సిజన్ మీదనే. నీళ్లు ముందు రోజు చిక్కటి పచ్చగ ఉన్నయా, చేపలు చావకముందు నోళ్లు పైకి పెట్టి గుటకలేసినయా యాది చేసుకోండి. అయినా మందు వాసన, డబ్బాలు ఏమన్న కనవడితే నీళ్లు సీసల పట్టి టెస్టుకు పంపుడు మంచిదే, లొల్లి ఆగుతది.

లెక్క ఏందంటే, 30 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీళ్లల్ల ఆక్సిజన్ ఏడున్నర మిల్లీగ్రాముల దాకనే పడుతది, నీళ్లు వేడెక్కినకొద్ది ఇంకా తక్కువ. ఊరి మోరీలన్ని చెరువులకే, పైన పొలాల ఎరువు చెరువులకే, అది తిని నాచు విపరీతంగ పెరుగుతది, పగలు ఎండల అదే ఆక్సిజన్ వదులుతది కాబట్టి మధ్యాహ్నం చేపలు కుశాల్‌గనే ఉంటయి, రాత్రి అయితే నాచు కూడ శ్వాస తీసుకుంటది, అడుగున కుళ్లేదాంట్ల బ్యాక్టీరియా కూడ వాడుకుంటది, రెండు రోజులు మబ్బు పట్టి ఎండ రాకపోతే ఇగ తెల్లారుజామున మిగిలేది ఏముండదు. రెండు మూడు మిల్లీగ్రాములకు దిగితేనే చేపలకు గండం.

నాచు పెరుగుడుకు అసలు తాళంచెవి భాస్వరం. 1973ల కెనడాల శాస్త్రవేత్తలు 226 నంబరు సరస్సును మధ్యన పరద కట్టి రెండుగ చేసిన్రు, ఒక దిక్కు కార్బన్, నైట్రోజన్ మాత్రమే వేసిన్రు, ఇంకో దిక్కు ఆ రెండింటికి భాస్వరం కలిపి వేసిన్రు. భాస్వరం వేసిన దిక్కే పచ్చగ అయింది, పైకెల్లి తీసిన ఫోటోల పరద దాకా గీత గీసినట్టు కనవడుతది. కాబట్టి మోరీ నీళ్లు, సబ్బు నీళ్లు, పేడ చెరువుల పడకుండ ఎంత ఆపితే అంత మంచిది. గుర్రపుడెక్కను పీకి గట్టు మీద వదిలేస్తే వానకు మళ్ల అదే పోషకం చెరువులకే వస్తది, చెరువుకు దూరంగ తీసుకపోయి కంపోస్టు చెయ్యాలె. ఇప్పటికిప్పుడంటే పొద్దుగాల మోటరు పెట్టి నీళ్లను పైకి చిమ్మండి, దాణా, పేడ బందు చెయ్యండి, చచ్చినవాటిని నీళ్లల్ల ఉంచకండి.

బోరు నీళ్లల్ల నైట్రేట్ ఎక్కువ ఉందని రిపోర్ట్ వచ్చింది. నాలుగు నెలల పాప ఉంది. కాగబెట్టి తాగిపిస్తే సరిపోతదా?
— జనగామ నుంచి ఒక తల్లి

వద్దు చెల్లె, కాగబెడితే నీళ్లు ఆవిరై పోతయి, నైట్రేట్ అందులనే ఉండి ఇంకా చిక్కగ అయితది. బట్టతోని వడగట్టినా, క్లోరిన్ వేసినా పోదు. ఆర్వోతోని చాలావరకు తగ్గుతది. మన ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు, దానికి మించిన నీళ్లతోని డబ్బాపాలు కలిపి పట్టియ్యొద్దు, ఆరు నెలలలోపు పిల్లలకు రక్తం ఆక్సిజన్ మోసే పని దెబ్బతింటది, పెదవులు, గోర్లు నీలంగ మారితే అదే రోజు దవాఖానకు తీసుకపోవాలె. పాప తల్లిపాల మీదనే ఉంటే ఆరు నెలల దాకా నీళ్లతోనే పనిలేదు. పై పాలు పట్టక తప్పకపోతే నల్లా నీళ్లు టెస్టు చేయించి వాడండి. బోరు పక్కన సెప్టిక్ ట్యాంకు, పెంటకుప్ప ఉన్నయేమో చూడండి, చాలాసార్లు కారణం పొలం కాదు, ఇంటి వెనకాలే ఉంటది.

మా నాన్న సింగరేణిల పని చేస్తరు. మా స్కూల్ల హరితహారంల చెట్లు నాటినం. బొగ్గు కాల్చినదానికి చెట్లు సరిపోతయా?
— తొమ్మిదో తరగతి, భూపాలపల్లి

మంచి ప్రశ్న బిడ్డా, మీ ఇంటి కరెంటు బిల్లుతోనే లెక్క చేద్దాం. నెలకు 200 యూనిట్లు కాలితే బొగ్గు ప్లాంటుల దానికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఇంచుమించు 180, 190 కిలోలు. ఎండిన కట్టెల సగం బరువు కార్బన్, ప్రతి 12 కిలోల కార్బన్‌కు గాలిల 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క. అంటే 100 కిలోల ఎండు కట్టె 183 కిలోలను పట్టి ఉంచుతది. మీ ఒక్క నెల బిల్లుకు 100 కిలోల ఎండు కట్టె కొత్తగ పెరగాలె, పెరిగి కాలకుండ, కుళ్లకుండ ఉండాలె. పన్నెండు నెలలకు ఎంతో నువ్వే చెయ్యి.

నాన్న తవ్వే బొగ్గు 25 కోట్ల ఏండ్లకు ముందు గోదావరి లోయల పెరిగిన మొక్కలే, బురద కింద పడి కుళ్లకుండ మిగిలిపోయినయి. చెట్టు పెరిగి, కాలి, మళ్ల పెరిగే చక్రం కొన్ని పదుల ఏండ్లది, ఇది కోట్ల ఏండ్లది, రెండోదాన్ని తవ్వి మొదటిదాంట్ల కలుపుతున్నం కాబట్టే హవాయి దీవిల మౌనా లోవా కొండ మీద కొలిచే గాలిల కార్బన్ డయాక్సైడ్ 1958ల 315 పీపీఎం (పది లక్షల పాళ్లల్ల 315 పాళ్లు) చుట్టూ ఉన్నది ఇప్పుడు 420 దాటింది. చెట్లు మాత్రం ఆపకండి, నీడకు, వానకు, పిట్టలకు అవి కావాలె, బొగ్గు బాకీ వాటి నెత్తిన వేస్తేనే లెక్క తప్పుతది.

బతుకమ్మ పూలతోని చెరువు ఖరాబైతదని మా అపార్ట్‌మెంట్ గ్రూపుల ఒకాయన పెట్టిండు. ఒళ్లు మండింది. మీరేమంటరు?
— హనుమకొండ

మాకూ మండింది. తంగేడు, గునుగు, బంతి బరువుల ఎక్కువ భాగం నీళ్లే, ఏడాదిపొడుగు మోరీ పోసేదాని ముందు అది లెక్కల్లకు రాదు. చిన్న కుంటల ఊరంతా ఒక్క మూలకే వేస్తే ఆ మూల కొన్ని రోజులు వాసన వస్తది, తర్వాతి రోజు తీసి కంపోస్టు వేస్తే అయిపోతది. గునుగుకు అద్దే కెమికల్ రంగులు, ప్లాస్టిక్ పూలు, థర్మాకోల్ పళ్లెం, వాటి గురించి ఆయన రాస్తే బాగుండు.

తంగేడు గురించి ఒక సంగతి. అది చిక్కుడు జాతి చెట్టే, కాయ చూస్తేనే తెలుస్తది, కాని కందికి, పెసరకు ఉన్నట్టు దాని వేరుకు బుడిపెలు రావు, గాలి నైట్రోజన్ పట్టదు. అయినా మన పెద్దలు తంగేడు రొట్ట మడిల తొక్కేది, గట్టు మీది పోషకాన్ని మడిలకు తెచ్చుడు అన్నట్టు. బుడిపె చూడాలనుకుంటే నెల దాటిన పెసర చెట్టును గుంజకుండ, గడ్డపారతోని మట్టిపెల్లతో సహా లేపి నీళ్లల్ల కడుగు, వేర్లకు ఆవగింజంత, మిరియమంత గుండ్లు ఉంటయి, గోరుతోని చీరు. లోపల గులాబి రంగు ఉంటే పని నడుస్తుంది, అది మన రక్తంల ఎరుపు లాంటి పదార్థమే. తెల్లగ ఉంటే ఇంకా మొదలు కాలేదు, ఆకుపచ్చగ ఉంటే పని అయిపోయింది.

ప్రతి పంటకు డీఏపీ వేస్తున్న. భూసార పరీక్షల భాస్వరం ఎక్కువ అని వచ్చింది. అయినా మానాలంటే భయమైతుంది. దానికి బదులు చెరువు మట్టి తోలిస్తే ఎట్లుంటది? ఎన్ని ట్రిప్పులు?
— నర్సంపేట రైతు

రిపోర్టును నమ్మండన్నా, పైసలు పెట్టి చేయించుకున్నరు కదా. భాస్వరం నైట్రోజన్ లెక్క గాలికి పోదు, అది నేలల్నే ఉంటది, రేగడిల సున్నంతోని, చెల్కల ఇనుముతోని ముడిపడి కూసుంటది. 50 కిలోల డీఏపీల ఆక్సైడ్ లెక్కన 23 కిలోల భాస్వరం ఉంటది, అందుల మొదటి పంట తీసుకునేది కొంచెమే, మిగిలింది ఏండ్లకేండ్లు జమ అయింది. రాతికెల్లి తీసేది అది, ప్రపంచంల ఉన్న నిల్వల 70 శాతం దాకా ఒక్క మొరాకో దిక్కే ఉంది, అందుకే ఓడ లేటైతే మన దగ్గర రేటు ఎక్కుతది. ఎక్కువ అని వచ్చినచోట ఒక సీజన్ డీఏపీ సగానికి తగ్గించి, భాస్వరాన్ని కరిగించే పీఎస్‌బీ బ్యాక్టీరియాను పెంటల కలిపి చల్లి చూడండి. మొత్తం పొలంల భయమైతే ఒక మడిల చేసి చూడండి.

చెరువు మట్టి ముచ్చట వేరే. వానకు మన చేన్లకెల్లి కొట్టుకపోయే సన్నటి మట్టే చెరువు అడుగున పేరుకుంటది, భాస్వరం, సేంద్రియ కార్బన్ ఆ సన్నమట్టినే పట్టుకొని పోతయి. గణపతిదేవుని కాలంల 1213 ప్రాంతంల కట్టిన పాకాల, రామప్ప చెరువుల నుంచి మొన్న 2015ల మొదలైన మిషన్ కాకతీయ దాకా పూడిక తీసుడు అంటే పోయిన మట్టిని వెనక్కి తెచ్చుకునుడే. చెల్క, దుబ్బ నేలలకు అది బంగారం, నీళ్లు పట్టి ఉంచుతది. ఎన్ని ట్రిప్పులనేది అందరికి ఒక్కటే లెక్క చెప్తే తప్పైతది, ముందు ఒక పొట్లంల ఆ మట్టిని టెస్టుకు ఇయ్యండి, ఉప్పు ఎక్కువున్నా, టౌను మోరీ కలిసే చెరువైనా తోలించకండి. ఎండాకాలంల కుప్పలు పోసి, గడ్డలు పగిలేదాక ఎండనిచ్చి, పలుచగ పరిచి, మొదటి వానకు కలియదున్నాలె. మీది రేగడి అయితే మాత్రం ట్రాక్టర్ కిరాయి దండగ, దాంట్ల బంక ఇప్పటికే చాలా ఉంది, దానికి పెంట తోలించుకోండి.